తాటిబుర్రల బండీ, క్రాఫ్టు మార్కులూ

ఎండకాలం వచ్చిందంటే పట్నంల గోడలమీద, కరెంటు స్తంభాలమీద కాయితాలు అంటిస్తరు. పిల్లలకు వేసవి శిబిరం. మట్టితోని బొమ్మలు, కాయితంతోని పూలు, ఆకులతోని బుట్టలు, కుండలమీద రంగులు నేర్పిస్తమని రాసుంటది. చేతిపని చేస్తే పిల్లలకు ఓపిక పెరుగుతదని, ఫోన్ల కాన్నుంచి లేస్తరని చెప్తరు. నిజమే కావొచ్చు. నేను ముప్పై ఏండ్లకు పైగా సర్కారు బడిల పాఠాలు చెప్పిన మనిషిని. చెయ్యి కదిలితే తల కదులుతదని నాకు ఎరికే.

నా పేచీ వేరే ఉంది. చేతిపనికి ఈ దేశంల రెండు చరిత్రలున్నయి. ఒకటి విద్యా కమిటీల రిపోర్టుల్ల, పాఠ్యప్రణాళికల్ల, మ్యూజియం అద్దాల పెట్టెల్ల ఉంది. ఇంకోటి మా మాదిగ్గూడేల్ల, మాలపల్లెల్ల, కుమ్మరి వాముల కాడ, చాకిరేవుల కాడ ఉంది. మొదటిదాన్ల చేతిపనిని కళ అంటరు, విద్య అంటరు, హాబీ అంటరు. రెండోదాన్ల అదే పనిని కులపని అంటరు, వెట్టి అంటరు. ఒకే పని ఒక పిల్లగానికి సెలవుల్ల సరదా, ఇంకో పిల్లగానికి బతుకంత శిక్ష ఎట్లయితదనేదే నా ప్రశ్న. నా బతుకుల నుంచి, నేను చదువుకున్న చరిత్రల నుంచి జవాబు వెతుకుత.

*

మాది నల్గొండ జిల్లాల ఒక పల్లె. ఊరికి దక్షిణం దిక్కు మా గూడెం. నడుమ ఒక వాగు, వాగు గట్టున తాటివనం. ఏప్రిల్ 23న బడి మూస్తే మల్ల జూన్‌ల తెరిచేదాక ఆ తాటిచెట్ల కిందనే మా బడి.

గౌండ్లాయన తాటికాయలు కొట్టి పడేస్తే ముంజలు జుర్రుకుని బుర్రలు దాసుకునేటోళ్లం. ఒక్కతీరుగ ఉన్న రెండు బుర్రలు ఏరుకోవాలె. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది అయితే బండి పక్కకు గుంజుతది. రెంటి నడిమిట్ల జానెడు పుల్ల గుచ్చితే అది ఇరుసు. కందికట్టె గుచ్చితే విరుగుతది, తుమ్మపుల్ల గుచ్చితే ఆగుతది. పొడుగాటి పంగల కట్టె కోసుకొచ్చి ఆ ఇరుసుమీద ఆనిచ్చి తోస్తే బండి ఉరుకుతది. చక్రం గురించి, బరువు గురించి, ఏ కట్టె ఎంత మోస్తదనే దాని గురించి మాకు మొదలు చెప్పింది ఆ తాటిబుర్రలే. లెక్కల సారు తర్వాత వచ్చిండు.

తాటాకు రెండు ముక్కలు మడిచి గిరక చేసి, తుమ్మముల్లుకు గుచ్చి గాలికెదురు ఉరికేది. జొన్న దంటు చీరి బెండు తీసి, ఆ బెండుతోని బండ్లు, కండ్లద్దాలు చేసేది. చెరువుల నీళ్లు ఎండినంక రేగడి తెచ్చి ఎడ్లు చేసి, కొమ్ములకు తుమ్మముండ్లు గుచ్చేది. మా అక్క పాత బొంతలకెళ్లి పేలికలు చింపి బొమ్మలు కుట్టేది. దోరోల్ల ఇంట్ల చింతపండు కొట్టే పనికి మా అవ్వోళ్లు పోతే, రాలిన చింతగింజలు కొంగుల మూటగట్టుకుని తెచ్చేది. అవి మాకు ఆటగింజలు. ఆ గింజలు పెద్దోళ్లకు ఇంకో పనికొస్తయి, అది తర్వాత చెప్త.

మట్టెడ్లు ఊరి పిల్లలు గూడ చేసేటోళ్లు. మా ఎడ్లకే తోలు పట్టెడలుండేటియి. మా అయ్య చెప్పులు కుట్టంగ మిగిలిన తోలు తునకల్ని సన్నగ కోసి, వాటికి రెండు బొక్కలు పొడిచి, మెడకు కట్టేటోళ్లం. ఊరి పిల్లలు ఆ పట్టెడల మీద మనసు పడేది. తీసుకునే తీరు మాత్రం వేరే ఉండె. మేం ఆ పట్టెడను బండమీద పెట్టి నాలుగడుగులు ఎన్కకు జరగాలె. వాళ్లొచ్చి తీసుకుని, అదే బండమీద బెల్లం ముక్కో, పల్లికాయలో పెట్టి పోవాలె. ఎవరూ మాకు ఈ నియమం కూసోబెట్టి నేర్పలే. ఏడెనిమిదేండ్ల పిల్లలం, వాళ్లకూ తెల్సు, మాకూ తెల్సు. ఆటల గూడ కులం ఉండె, గని ఆట ఆటనే గదా అనుకునేటోళ్లం.

*

ఆట ఎప్పుడు ఆగింది, పని ఎప్పుడు మొదలైంది అంటే మా గూడెంల ఎవ్వరూ చెప్పలేరు. తునకలు కోసిన చేతికే ఒకరోజు మా అయ్య రంపె ఇచ్చిండు. అంతే.

ఊరి పిల్లలకు ఎండకాలం అంటే మామిడికాయలు, అమ్మమ్మ ఊర్లు. మాకు ఎండకాలం అంటే సచ్చిన గొడ్లు. మేత ఉండదు, కుంటలు ఎండుతయి, ముసలి గొడ్లు పడిపోతయి. పటేలు ఇంటికాన్నుంచి కబురొస్తది. కబురొచ్చినంక అన్నం ముందర కూసున్నోడు గూడ లేవాలె. మోసుకొచ్చి, తోలు ఒలిచి, లంద కాడికి తేవాలె. మొదలు తోలును కడిగి సున్నపు నీళ్లల్ల రోజుల తరబడి నానేస్తరు. బూరు వదిలినంక మొద్దు మీద పరిచి గీకుతరు. లోపలి పక్క కండను గీకుతరు. మల్ల మల్ల కడిగి సున్నం పోగొడ్తరు. తర్వాత తంగేడు చెక్క దంచి నానేసిన నీళ్లల్ల వేస్తరు. తోలును సంచి తీరుగ కుట్టి, ఆ నీళ్లు నింపి, దూలానికి వేలాడదీస్తరు. చుక్క చుక్క కారుకుంట తోలు ఆ రసం తాగుతది. కరక్కాయ పొడి గూడ వాడుతరు. సున్నం ఎక్కువైతే తోలు పిసికిపోతది, తక్కువైతే బూరు రాదు. ఎంత ఎండకు ఎన్ని రోజులో మా అయ్య ఏ కాయితం మీద రాసుకోలే. తోలును రెండేళ్ల నడుమ నలిపి, ముక్కు కాడికి తెచ్చుకుని చెప్పేటోడు.

ఆ తోలుతోని ఏమేం చేసేటోళ్లో చూడుండ్రి. బావికాడికి మోట బొక్కెన, దానికి తొండం. ఎడ్లకు పట్టెడలు, వార్లు, చెర్నాకోల. నూనె పోసుకునేటందుకు సిద్దె. ఊరందరి కాళ్లకు చెప్పులు. తోలు లేకుంటే మోట లేదు, మోట లేకుంటే నీళ్లు లేవు, నీళ్లు లేకుంటే ఆ పటేలు వరిచేను లేదు. దీనంతటికీ మాకిచ్చేది కల్లం కాడ మేర. కుప్ప కొలిచినంక, అందరూ ఎత్తుకున్నంక, అడుగున మిగిలిన గింజలు. ఇంత అని రాత లేదు. అడిగితే తిట్లు.

బావులకు కరెంటు మోటార్లు వచ్చినయి, మోట బొక్కెన అటకెక్కింది. కంపెనీ చెప్పులొచ్చినయి, కిర్రుచెప్పులు పోయినయి. దేశం తోలుపనిని వదల్లే. 1948ల మద్రాసుల కేంద్ర తోలు పరిశోధన సంస్థ పెట్టిండ్రు. 1973ల మన రాష్ట్రంల లిడ్‌క్యాప్ అనే తోలు పరిశ్రమల కార్పొరేషన్ వచ్చింది. ప్రయోగశాలల తోలు ముట్టినోడు శాస్త్రవేత్త అయిండు. లంద కాడ ముట్టిన మా అయ్య అంటరానోడుగనే సచ్చిపోయిండు.

*

నేను ఏడో తరగతి చదివేటప్పుడు, 1974ల, మా బడిల క్రాఫ్టు అని ఒక పీరియడు ఉండె. దానికి మార్కులుండేటియి. పరీక్షల ముందర సారు చెప్పిండు, ఎవల ఇంట్ల వాళ్లు చేతితోని చేసిన వస్తువు ఒకటి తేవాలె అని. కుమ్మరోల్ల పిల్లగాడు మట్టిగుర్రం తెచ్చిండు. సాలోల్ల పిల్ల చేతిరుమాలు తెచ్చింది. వడ్లోల్ల పిల్లగాడు బొంగరం తెచ్చిండు. కోమటోల్ల పిల్లగాడు విజయవాడల కొన్న కొండపల్లి బొమ్మ తెచ్చిండు. నేను మా అయ్య దగ్గర కూసోని, వారం రోజులు కుట్టి, ఎద్దు మెడకు కట్టే గజ్జెల పట్టెడ తెచ్చిన. రెండు వరసల కుట్టు, అంచుకు ఎర్రగుడ్డ.

అందరి వస్తువులు బల్లమీద పెట్టిచ్చిండ్రు. నాది వరండల పెట్టుమన్నడు సారు. వరండల పెట్టిన. మార్కులేసేటప్పుడు సారు బల్లచుట్టు తిరిగిండు, వరండలకు రాలే. నాకు ముప్పైఅయిదు మార్కులేసిండు, అందరికన్న తక్కువ. కొని తెచ్చిన కొండపల్లి బొమ్మకు డెబ్బయి. ఆ సారు కాళ్లకున్న చెప్పులు మా అయ్య కుట్టినయే. గడప కాడ విడిచి లోపలికి వచ్చిండు.

ఇంటికొచ్చి చెప్తే మా అయ్య కోపం జేయలే. పట్టెడను చేతులకు తీసుకుని కుట్టు గుంజి చూసిండు. "కుట్టు మంచిగనే ఉందిర. మార్కులు కుట్టుకు ఏయలే" అన్నడు. తర్వాత చానా ఏండ్లకు నేను బీఈడీ చదివేటప్పుడు క్రాఫ్టు విద్య మీద పాఠం వచ్చింది. మా అయ్య మాట అప్పుడు నాకు అక్కరకొచ్చింది. ఆ పీరియడు మా బడిలకు ఎక్కడ్నుంచి వచ్చిందో వెతుక్కుంట పోయిన.

*

1937 అక్టోబరు 22, 23 తేదీల్ల వార్ధాల విద్య మీద ఒక సభ జరిగింది. గాంధీ అధ్యక్షుడు. చదువు చేతివృత్తి చుట్టు నడవాలె, పిల్లలు చేసిన వస్తువుల రాబడితోని బడి తన ఖర్చు తాను ఎల్లదీసుకోవాలె అనేది అక్కడి ఆలోచన. తర్వాత జాకీర్ హుస్సేన్ కమిటీ దానికి ప్రణాళిక రాసింది. ఏడేండ్ల చదువు. రోజుకు అయిదున్నర గంటల బడిల చేతివృత్తికి 3 గంటల 20 నిమిషాలు. మాతృభాషకు 40 నిమిషాలు. సాంఘికశాస్త్రం, సామాన్యశాస్త్రం రెంటికీ కలిపి 30 నిమిషాలు. వృత్తుల జాబితాల నూలు వడకడం, నేత, వడ్రంగం, వ్యవసాయం, తోటపని ఉన్నయి. తోలుపని గూడ ఉంది. నేను ఆ మాట చదివి ఆగిపోయిన. 1937ల కాయితం మీద బల్లెక్కిన తోలు, 1974ల మా బడిల వరండ దాటలే.

అందరి పిల్లలకూ చేతిపని రావాలె అనే ఆలోచనల న్యాయం ఉంది. బాపనోల్ల పిల్లగాడు గూడ తోలు ముట్టి, మన్ను ముట్టి, ఆ మురికి గోళ్లతోనే పెరిగితే పనిమీద అసహ్యం తగ్గేదేమో. నాకు ఆ పద్ధతి మీద ఒక్కటే అడిగేది ఉంది. మూడుంపావు గంటలకు పైగా పని, అర్ధగంట శాస్త్రం అంటే ఎవలకు ఏం దక్కుతది? పని ఎరగని ఇంటి పిల్లగానికి పని దక్కుతది, చదువు ఎట్లయినా ఇంట్ల ఉండనే ఉంది. పొద్దంత పనిల పుట్టి పెరిగిన మాకు కావల్సింది ఆ అర్ధగంటనే. దాన్నే చిన్నగ చేసిండ్రు.

అంతకు ముందేడాదే, 1936ల, అంబేడ్కర్ 'కులనిర్మూలన'ల ఈ సంగతే లేవనెత్తిండు. పుట్టుకతోని అంటగట్టిన పనిమీద మనిషికి మనసు నిలవదని, ఇష్టంతోని ఎంచుకునే దారి లేనప్పుడు ఆ పని నుంచి తప్పించుకోవాలనే చూస్తడని ఆయన చెప్పిండు. పని పుణ్యమా, పాపమా అనే చర్చకన్న ముందు, ఆ పనిని కాదనే హక్కు ఎవలకున్నదో తేల్చాలె అన్నట్టు నాకు అర్థమైంది.

1953ల ఈ ముచ్చట ఇంకా నగ్నంగ బయటపడ్డది. మద్రాసు రాష్ట్రం ముఖ్యమంత్రి రాజాజీ ఊర్ల బడులకు ఒక కొత్త పద్ధతి పెట్టిండు. పిల్లలు పూటకు మూడు గంటలే బడికి రావాలె. తక్కిన పూట ఇంటికాడ తల్లిదండ్రుల పని నేర్చుకోవాలె. అప్పటికి కోస్తా, సీమ జిల్లాలు గూడ ఆ రాష్ట్రంలోవే, అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం విడిపోయేదాక. తండ్రి పని నేర్చుకోవాలె అంటే వకీలు కొడుకు ఇంటికాడ ఏం నేర్చుకుంటడు, గొడ్డు తోలు ఒలిచేటోని కొడుకు ఏం నేర్చుకుంటడు? పెరియార్, ద్రావిడ ఉద్యమం దీన్ని కులవిద్య పథకం అని పేరుపెట్టి బజార్లకొచ్చి కొట్లాడిండ్రు. కాంగ్రెస్‌ల గూడ చానామందికి నచ్చలే. 1954ల రాజాజీ దిగిపోయిండు, తర్వాత వచ్చిన కామరాజ్ ఆ పద్ధతిని ఎత్తేసిండు.

మా జిల్లా అప్పుడు హైదరాబాద్ రాష్ట్రంల ఉండె గనుక ఆ పథకం మా గూడెం దాక రాలే. రావాల్సిన పని గూడ లేకుండె. ఏ సర్కారు జీవో లేకుండనే అది మా గూడెంల తరాల నుంచి నడుస్తనే ఉంది. ఒక పూట బడి కాదు, ఏ పూటా బడి లేదు.

తర్వాత కొఠారి కమిషన్ 1964-66ల పని అనుభవం అన్నది. 1977ల ఈశ్వర్‌భాయ్ పటేల్ కమిటీ సమాజానికి పనికొచ్చే ఉత్పాదక పని అన్నది. పేర్లు మారినయి. ఆ పనిని పుట్టుకతోని చేస్తున్న పిల్లలు తరగతి గదిల ఏ బల్ల కాడ కూసున్నరు, వాళ్ల వస్తువు ఎక్కడ పెట్టిచ్చిండ్రు అనేది మాత్రం క్రాఫ్టు పాఠం చెప్పే సార్లకు లెక్కల్లోకి రాని సంగతిగనే ఉన్నది.

*

తోలు అంటే మైల అంటరు. అన్ని తోళ్లూ మైల కాదు. ఒకప్పటి అనంతపురం జిల్లా, ఇప్పటి శ్రీ సత్యసాయి జిల్లా నిమ్మలకుంటల మేకతోలును పలచగ చేసి, అద్దం తీరుగ వెలుతురు పారేటట్టు చేసి, రంగులద్ది రాముణ్ణి, హనుమంతుణ్ణి చేస్తరు. తోలుబొమ్మలాట. ఆ పని గొప్పది. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020ల పద్మశ్రీ వచ్చింది, రావాల్సిందే. ఆ తోలుతోనే దీపాలకు గూళ్లు చేస్తే పట్నమోల్ల ఇండ్లల్ల నట్టింట వేలాడదీసుకుంటరు. దేవుని బొమ్మ ఎక్కిన తోలు నట్టింట్లకు పోయింది. కాలికింద ఉన్న తోలు, దాన్ని కుట్టిన చెయ్యి గడప బయటనే ఆగినయి.

ఇందాక చింతగింజల సంగతి చెప్త అన్న. కొండపల్లిల తెల్లపొణికి కట్టెతోని బొమ్మ చెక్కి, కాళ్లు చేతులు అతికేటందుకు చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపి మక్కు చేస్తరు. మా గూడెంల డప్పుకు తోలు అతికేటందుకు గూడ చింతగింజల జిగురే. గింజ ఒక్కటే, జిగురు ఒక్కటే. బొమ్మకు అతికితే డెబ్బయి మార్కులు, డప్పుకు అతికితే వరండ.

నాగర్‌కర్నూలు జిల్లా కిన్నెర మొగులయ్యకు 2022ల పద్మశ్రీ ఇచ్చిండ్రు. డక్కలి కులం ఆయనది, మాదిగల మీద ఆధారపడి బతికే కులం. వెదురు బొంగుకు ఎండిన సొరకాయ బుర్రలు కట్టి, తేనెమైనంతోని మెట్లు నిలబెట్టి, చేతితోని చేసుకున్న వాద్యం పన్నెండు మెట్ల కిన్నెర. మొగులయ్యకు పద్మశ్రీ వచ్చినందుకు సంతోషపడ్డ. కిన్నెరను చేసిన జాతి పిల్లలకు బడి ఎంత దూరం ఉందో ఆ బిరుదు మీద రాసి లేదు.

*

చేతిపనిని మా జాతి ఒకసారి వదిలింది, ఒకసారి ఎత్తుకున్నది. రెండూ పోరాటాలే.

మా అన్నల కాలంల డప్పు వదిలేసుడే పోరాటం. ఊర్ల పీనుగ లేస్తే డప్పు కొట్టం, గొడ్డు మొయ్యం అని చానా గూడేల్ల కట్టుబాటు చేసుకున్నరు. దానికి దెబ్బలు తిన్నరు, కూలి బందు చేయించుకున్నరు. 1985 జులై 17న కారంచేడు, 1991 ఆగస్టు 6న చుండూరు జరిగినంక, వంగే నడుముల్లెక్కనే వంగని నడుములు గూడ ఉన్నయని లోకానికి తెల్సింది. 1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిల మాదిగ దండోరా పుట్టినంక అదే డప్పు ఊరేగింపుల ముందర నడిచింది. పటేలు చావుకు మోగిన డప్పు మా సభకు మోగింది. డప్పు అదే, కొట్టుమన్నది ఎవలు అనేది మారింది.

పిల్లల శిబిరాలకు గూడ మా దిక్కు ఇంకో చరిత్ర ఉంది. 1991 నుంచి రంగారెడ్డి జిల్లాల ఎం.వి. ఫౌండేషన్ శిబిరాలు పెట్టి, జీతాలున్న పిల్లల్ని, గొడ్లు కాసే పిల్లల్ని పనికెళ్లి తప్పించి చదువుల్లకు తెచ్చింది. ఆ పనికి శాంతా సిన్హాకు 2003ల మెగసెసే అవార్డు వచ్చింది. పట్నంల శిబిరానికి పొయ్యేటోడు పుస్తకం పక్కన పెట్టి పని ముడుతడు. మా శిబిరానికి వచ్చినోడు పని పక్కన పెట్టి పుస్తకం ముట్టిండు. శిబిరం అనే ఒక్క మాట కింద రెండు ఎండకాలాలున్నయి.

*

నేను రిటైరైనంక, 2022 ఎండకాలంల, మా గూడెం అంబేడ్కర్ సంఘం ఇంట్ల పిల్లలతోని ఇరవై రోజులు కూసున్న. పొద్దున పూట చదువుడు, రాసుడు. మాపటీలి చేతిపని. తాటిబుర్రల బండ్లు, బెండ్లు, రేగడి ఎడ్లు, తాటాకు గిరకలు. ఇప్పటి పిల్లలు అవి చూసి ఎరగరు. తుమ్మపుల్ల ఎందుకు గుచ్చాలె అనేది వాళ్లే విరగ్గొట్టుకుని విరగ్గొట్టుకుని తెల్సుకున్నరు. రోడ్డు అవతలి వాడకట్టు పిల్లలు గూడ ఏడెనిమిది మంది వచ్చిండ్రు. కలిసి కూసున్నరు, ఒకే కుండల నీళ్లు తాగిండ్రు. నాకు మస్తు సంబురమైంది.

పదిహేనో రోజు డప్పు చేసుడు పెట్టుకున్నం. మా గూడెంల డప్పు కట్టొచ్చినోడు ఒక్క ముసలాయనే మిగిలిండు, ఎనబై దాటినయి. ఇప్పుడు ఇనుప చట్రం, ఫైబర్ షీటు డప్పులొచ్చినయి గని, ఆయన కట్టె చట్రం, దూడతోలే అంటడు. ఆ సంగతి ముందురోజు చెప్పిన. తెల్లారి అవతలి వాడకట్టు పిల్లలు ఒక్కలు గూడ రాలే. ఎవలూ ఏం అనలే. రాలే, అంతే.

అది నేను ఊహించిందే. ఊహించంది మా గూడెంల నుంచే వచ్చింది. ఒక తల్లి, హైదరాబాదుల అపార్టుమెంట్ల ఊడ్చి కొడుకును ఇంగ్లీషు బడిల చదివిస్తున్న మనిషి, సెలవులకు ఊరికొచ్చి ఉంది. సంఘం ఇంటి ముందరికొచ్చి నిలబడ్డది.

"మామా, నా కొడుకుతోని మల్ల తోలు పట్టిస్తవా? మా మామ తోలు వాసనతోనే సచ్చిండు. మా ఆయన దాన్ని ఇడిపిచ్చుకుంటందుకే పట్నం పోయిండు. నువ్వు సదువుకున్నోనివి, నువ్వే మల్ల లంద కాడికి తోల్కపోతవా?"

యూనివర్సిటీల చదివే మా పిల్లగాడొకడు అక్కడ్నే ఉండె. "అక్కా, డప్పు మన జెండా" అన్నడు. ఆమె వానిదిక్కు చూసి, "నీకు జెండానేమో తమ్మీ, నీ చేతుల పుస్తకం ఉంది. నా కొడుకుకు ఇంక రాలే" అన్నది.

ముసలాయన తోలు నానేసిన కుండ కాడ కూసోని అంతా ఇన్నడు. నెమ్మదిగ, "బిడ్డా, నేను నేర్చుకున్ననాడు నన్ను ఎవలూ అడగలే. నీ కొడుకును అడుగు. వద్దంటే వద్దు" అన్నడు.

ఆ పొద్దు చెట్టుకింద రెండు గంటలు మాట్లాడుకున్నం. మాట్లాడి కొన్ని ఒప్పందాలు చేసుకున్నం. ఇష్టమున్న పిల్లలే కూసోవాలె, లేనోల్లను ఏమనొద్దు. మొగపిల్లలే కాదు, ఆడపిల్లలు గూడ కట్టాలె, కొట్టాలె. కట్టిన ప్రతి పిల్ల, ప్రతి పిల్లగాడు ఆ పని ఎట్ల చేసిండో నోటుబుక్కుల రాయాలె, చట్రం కొలతలు రాయాలె, పనిముట్ల పేర్లు రాయాలె, బొమ్మ గీయాలె. ఆ డప్పును ఎవల ఇంటి చావుకూ, ఎవల పిలుపుకూ పట్టుకపోవొద్దు.

పదకొండు మంది కూసున్నరు. తోలు గుండ్రంగ కోసేటందుకు చట్రం అడ్డం ఎంత, చుట్టు ఎంత అని దారంతోని కొలిచిండ్రు. అడ్డానికి మూడింతలు, ఇంకొద్దిగ ఎక్కువ వచ్చింది. ముసలాయన, "నాకు ఆ కొద్దిగ ఎప్పుడూ తెల్సు, దాని పేరే తెల్వదు" అన్నడు. ఎనిమిదో తరగతి పిల్ల లేచి ఆ పేరు చెప్పింది. పై అని. చింతగింజలు నానేసి నూరి జిగురు చేసి తోలును అంచుకు అతికిండ్రు. ఎనక నడిమిట్ల చిన్న ఇనుప కడెం పెట్టి, వార్లు గుంజి కట్టిండ్రు. ఎండల ఆరబెట్టిండ్రు. మంట కాడ కాగబెట్టినంక ఆ పిల్లనే సిర్ర, సిటికెన పుల్ల పట్టుకుని మొదటి దెబ్బ కొట్టింది.

ఆ తల్లి కొడుకు కూసోలే. దూరం నుంచి చూసిండు. నోటుబుక్కు మాత్రం అడిగి తీసుకుని పనిముట్ల బొమ్మలన్నీ ఎక్కించుకున్నడు. ఆ తల్లి వద్దనలే. ఆమె గెలిచిందా, యూనివర్సిటీ పిల్లగాడు గెలిచిండా అని అడిగితే నేను చెప్పలేను. ఇద్దరి మాటా నాకు నిజమే. ఆమెది తప్పించుకున్నోల్ల నిజం. వానిది తిరిగి చూసుకున్నోల్ల నిజం. మా జాతికి ఈ రెండూ కావాలె.

*

పట్నంల పిల్లగాడు మట్టి ముట్టి, గంటైనంక సబ్బుతోని చేతులు కడుక్కుని ఇంటికి పోతడు. కడిగితే పోయేదే వానికి అంటింది. మా అయ్యకు అంటింది సబ్బుకు పోయేది కాదు. చేతిపని హాబీ అయ్యేది దాన్ని కింద పెట్టి లేచిపోయే స్వేచ్ఛ ఉన్నప్పుడే. ఆ స్వేచ్ఛ లేని చోట అది కులమే, దానికి గాంధీ పేరు పెట్టినా, ఉత్పాదక పని అని పేరు పెట్టినా. అందుకని మా పిల్లలకు చేతిపని నేర్పాలెనా వద్దా అంటే, ముందుగాల చదువు పూర్తిగ చేతికి రావాలె, కాదనే హక్కు రావాలె, ఆ తర్వాత పని రావాలె అంట నేను. పని మాత్రం ఊరందరి పిల్లలకు రావాలె. మా వస్తువు బల్లమీదికి రావాలె.

2007ల కంచ ఐలయ్య పిల్లల కోసం 'టర్నింగ్ ద పాట్, టిల్లింగ్ ద లాండ్' అనే పుస్తకం రాసిండు. తోలుపని, కుండపని, చాకలిపని, మంగలిపని, సేద్యం, ఆదివాసుల జ్ఞానం, వీటన్నిటినీ శాస్త్రంగ, చరిత్రగ చెప్పిండు. దుర్గాబాయి వ్యామ్ బొమ్మలేసింది. అట్లాంటియి ఊరికొకటి రావాలె. ఎవలో వచ్చి రాస్తరని చూడొద్దు.

చదువుకుంటున్న తమ్ముళ్లారా, చెల్లెండ్లారా, వచ్చే ఎండకాలం మీరు ఇంటికి పోతరు. మీ తాత దగ్గర, మీ అవ్వ దగ్గర నోటుబుక్కు పట్టుకుని కూసోండ్రి. ఏ కట్టె, ఏ చెక్క, ఎన్ని రోజులు, ఎంత సున్నం, అడగండ్రి. దానికి ఎంత మేర ఇచ్చిండ్రు, ఎవలు ఎగ్గొట్టిండ్రు, అదిగూడ అడగండ్రి. రెండూ ఒకే పేజీల రాయుండ్రి. ఆరె, రంపె, లంద, సిద్దె, తొండం, పట్టెడ, సిర్ర, ఈ మాటలు నిఘంటువుల దొరుకుతయేమో గని, వాటిని పట్టిన చేతుల పేర్లు ఏ పుస్తకంల దొరకయి. మా ముసలాయన పోయిన చలికాలం సచ్చిపోయిండు. ఆయన చెప్పింది పదకొండు నోటుబుక్కుల్ల ఉంది, కొలతలతోని సహా.